వార్డులో పెట్టిన వస్తువు ఏమవుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు రాసినవి, వారి గురించి ఇంటివారు రాసినవి కొన్ని ఉన్నాయి. విషయం దాదాపు ఒక్కటే కావడంతో వాటిని ఒకచోట చేర్చి, చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేసిన అనుభవంతో జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నేను నల్గొండలోని ఒక ఆసుపత్రిలో ఈ ఏడాదే స్టాఫ్ నర్సుగా చేరాను. మునుగోడు వైపు ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను. చదువుకునే రోజుల్లో నా వస్తువులు నేను జాగ్రత్తగానే చూసుకునేదాన్ని. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మాత్రం ఏదో ఒకటి పోగొట్టుకోని వారం లేదు. పెన్నులకైతే లెక్కే లేదు. కత్తెర, టార్చి, గొడుగు, టిఫిన్ డబ్బా మూత, ఒకసారి ఐడీ కార్డు కూడా పోయాయి. మొన్న బత్తాయి తోట డబ్బులు చేతికి వచ్చినప్పుడు మా నాన్న కొనిచ్చిన స్టెతస్కోపు మధ్యాహ్నం డ్యూటీలో కనిపించకుండా పోయింది. వార్డంతా వెతికినా దొరకలేదు. మా ఇన్‌చార్జి సిస్టర్ అందరి ముందు "సోయి ఎక్కడ పెట్టుకొని పనిచేస్తున్నవమ్మా" అన్నారు. తోటివాళ్లలో ఇద్దరు మాత్రం ఆయమ్మ మీద అనుమానంగా ఉందని, ఆమె పేరు రాసి ఫిర్యాదు ఇవ్వమని ఒత్తిడి చేస్తున్నారు. ఆ రోజు ఆమె నా పక్కనే పనిచేసిన మాట నిజమే గానీ, నేను కళ్లారా చూసిందేమీ లేదు. నాన్నకు ఇంకా చెప్పలేదు. నా జ్ఞాపకశక్తిలోనే లోపం ఉందా, లేక ఇది నిర్లక్ష్యమా? ఫిర్యాదు ఇవ్వమంటారా?
– ఒక సోదరి, నల్గొండ జిల్లా

జవాబు: మీరు చివర అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. ఆయమ్మ పేరు రాసి ఫిర్యాదు ఇవ్వవద్దు. మన ఆసుపత్రుల్లో ఆయాలు, వార్డు బాయ్‌లు, పారిశుద్ధ్య సిబ్బందిలో చాలామంది ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీల ద్వారా వచ్చినవారు. దొంగతనం అన్న మాట వారి పేరు పక్కన ఒకసారి కాగితం మీదికి ఎక్కితే, విచారణ జరిగి నిజం తేలేలోగానే రేపటి నుంచి రానక్కర్లేదన్న కబురు అందుతుంది. ఆ తర్వాత స్టెతస్కోపు ఏ డ్యూటీ డాక్టరు బల్ల మీదనో దొరికినా, ఆమె ఉద్యోగం, ఆమె పరువు తిరిగి రావు. పైగా స్టెతస్కోపుతో ఆయమ్మకు ఏం పని? వార్డులో దానితో రోజంతా పని ఉండేది మీ తోటి నర్సులకు, హౌస్ సర్జన్లకు, విద్యార్థులకు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైన తర్వాత మన ప్రాంతంలో నల్లని గొట్టం మెడలో వేసుకొని తిరిగే పిల్లల సంఖ్య బాగా పెరిగింది. వారు చదువుతున్న ఆసుపత్రుల్లోనే కాదు, సాయంత్రాలు పనిచేసే ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ అంతే. ఆ గొట్టాలన్నీ ఒకే రంగు, ఒకే రూపం. కేసు షీటు పక్కన ఉన్నదాన్ని తమదే అనుకొని తీసుకెళ్లినవారికి, అసలు తమది హాస్టల్ గదిలోనే ఉండిపోయిందన్న సంగతి రాత్రికి గానీ తెలియదు. తెలిసినా, ఎవరిదో తెలియక ఏ కొక్కేనికో తగిలించి ఊరుకుంటారు.

కాబట్టి వస్తువు ఏమిటి, ఏ కంపెనీది, ఏ రంగు, గుర్తు ఏమైనా ఉందా, చివరిసారి ఏ పడక దగ్గర ఎన్ని గంటలకు వాడారు అన్నది ఒక కాగితం మీద రాసి ఇన్‌చార్జి సిస్టర్‌కు ఇవ్వండి. అందులో ఎవరి పేరూ రాయవద్దు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి డ్యూటీల వాళ్లందరికీ ఆ విషయం చేరాలి, ఎందుకంటే వస్తువు తీసినవారు ఒక షిఫ్టులోను, దాన్ని చూసినవారు మరొక షిఫ్టులోను ఉండడం మామూలే. పక్క వార్డులో, క్యాజువాల్టీలో, ఎక్స్‌రే గదిలో, డ్యూటీ డాక్టర్ల గదిలో స్వయంగా వెళ్లి అడగండి. రోగిని స్కానింగుకు తీసుకెళ్లిన రోజైతే ఆ స్ట్రెచర్ పరుపు కింద కూడా చూడాలి. చివరగా ఆ ఆయమ్మనే పిలిచి, "అమ్మా, నా స్టెతస్కోపు కనిపిస్తలేదు, ఊడ్చేటప్పుడు ఎక్కడైనా కంటబడితే చెప్పు" అని మామూలుగా అడగండి. మంచాల కిందా, బీరువాల వెనకా రోజూ చూసే మనిషి వార్డు మొత్తంలో ఆమె ఒక్కతే. అనుమానించి ఆమెను దూరం చేసుకుంటే నష్టం మీకే.

తాళం వేసిన లాకరులోంచి డబ్బో, ఫోనో పోయినప్పుడు సంగతి వేరు. అది మరపుతో జరిగే పని కాదు కాబట్టి అదే రోజు రాతపూర్వకంగా నర్సింగ్ సూపరింటెండెంటుకు తెలియజేసి, వరండాలో కెమెరా ఉంటే ఆ గంటల రికార్డు భద్రపరచమని కోరాలి. కెమెరాల్లో పాత రికార్డు మీద కొత్తది పడిపోతుంటుంది, ఆలస్యం చేస్తే చూడడానికి ఏమీ మిగలదు. అక్కడ కూడా ఏం పోయిందో రాయాలి గానీ, ఎవరు తీశారో ఊహించి రాయకూడదు. దాన్ని తేల్చడం విచారణ చేసేవారి పని.

ఇక జ్ఞాపకశక్తి సంగతి. మధ్యాహ్నం డ్యూటీని ఒకసారి కళ్ల ముందుకు తెచ్చుకోండి. మీరు ఒక పెద్దాయనకు బీపీ చూశారు. చెవుల్లోంచి స్టెతస్కోపు తీసి, చేతికి కట్టిన పట్టీ విప్పుతూ, రీడింగు మనసులో పెట్టుకొని పెన్ను కోసం జేబు తడుముకుంటున్నారు. ఇంతలో వెనుక పడక దగ్గరి నుంచి "సిస్టర్, సెలైన్ అయిపోవస్తుంది" అని కేక. చేతిలో ఉన్నది ఆయన కాళ్ల దగ్గర దుప్పటి మీద పెట్టి పరుగెత్తారు. అక్కడ సీసా మార్చారు. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలని కేసు షీటులో ఉంది, సెలైన్ గొట్టం సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలు వదిలేది, అంటే నిమిషానికి 42 చుక్కలు పడాలి అని లెక్కకట్టి, గడియారం చూస్తూ గొట్టం మీది చక్రం సరిచేశారు. అది ముగిసేలోగా కొత్త అడ్మిషన్ వచ్చింది, వెంట వచ్చిన బంధువు మంచం ఏదని అడుగుతున్నాడు, ఇటు డాక్టరు రిపోర్టు అడుగుతున్నారు. దుప్పటి మీద స్టెతస్కోపు పెట్టిన క్షణంలో మీ ధ్యాస సెలైన్ సీసా మీద ఉంది. ఎక్కడ పెట్టారన్నది మనసులో పడనే లేదు. మనసులో పడనిదాన్ని గంట తర్వాత ఎంత తవ్వినా బయటికి రాదు. మీరు చదువుకునే రోజుల్లో ఇలా జరగలేదంటే కారణం ఇదే. అప్పుడు మీ చేతిలో ఒకటో రెండో పడకలు ఉండేవి, పక్కన ట్యూటరు ఉండేవారు, పని మధ్యలో మిమ్మల్ని లాగేవారు లేరు.

పదేళ్ల అనుభవం ఉన్న సిస్టర్ చుక్కల వేగాన్ని కంటితో చూసే దాదాపు సరిగ్గా పెట్టగలదు, తర్వాత గడియారంతో సరిచూసుకుంటుంది. మందుల పేర్లు ఆమెకు నోటికి వచ్చు. ఏ రిజిస్టరు ఎక్కడ ఉంటుందో చీకట్లో కూడా తీయగలదు. అందువల్ల ఆమె ధ్యాసలో ఎప్పుడూ కొంత మిగులు ఉంటుంది, ఆ మిగులుతోనే తన పెన్ను ఎక్కడుందో చూసుకుంటుంది. మీకు ప్రతి పనీ ఇంకా ఆలోచించి చేయవలసిన పనే. అసలు మీ ధ్యాస వస్తువుల మీదికి మళ్లి మందు మోతాదు మీద తగ్గితేనే నేను కంగారు పడేదాన్ని. ఇన్‌చార్జి సిస్టర్ అన్న మాటను మనసులో పెట్టుకోకండి. అయితే అందరి ముందు అనడం ఆమెకు తగదని మాత్రం చెప్పక తప్పదు.

"జాగ్రత్తగా ఉండు" అన్న సలహా ఇందుకే పనికిరాదు. జాగ్రత్త అన్నది ధ్యాస ఉన్నవారికి చెప్పవలసిన మాట. ధ్యాస అక్కర్లేకుండానే వస్తువు నిలిచే ఏర్పాటు మీకు కావాలి. అందులో నేను పాటించమనే నియమం ఒక్కటే: మీ సొంత వస్తువు మీ ఒంటి మీద ఉండాలి, లేకపోతే తాళం వేసిన లాకరులో ఉండాలి. మూడో చోటు లేదు. రోగి మంచం, మందుల ట్రాలీ, కిటికీ గట్టు, నర్సింగ్ స్టేషన్ బల్ల, చివరికి డ్యూటీ గదిలోని కుర్చీ కూడా మూడో చోట్లే. ఎవరు పిలిచినా, ఎంత తొందరైనా, చేతిలో ఉన్న స్టెతస్కోపు మెడలోకి వెళ్లిన తర్వాతే కాలు కదలాలి. గుండె ఆగిన రోగి దగ్గరికి పరుగెత్తేటప్పుడు కూడా అది మెడలో ఉండడమే మంచిది, ఎలాగూ అక్కడ కావాలి. మెలకువ సరిగా లేక గింజుకునే రోగి దగ్గర మాత్రం మెడలోంచి తీసి పెద్ద జేబులో పెట్టుకోండి, పట్టుకొని గుంజుతారు. అంటువ్యాధి రోగులను విడిగా ఉంచిన గదిలోకి మీ సొంత స్టెతస్కోపు తీసుకెళ్లనే వద్దు, అక్కడిది అక్కడే ఉండాలి.

పేరు రాయడం గురించి ఒక చిన్న కిటుకు చెబుతాను. చాలామంది మైక్రోపోర్ పట్టీ (కట్లు అంటించే కాగితపు టేపు) మీద మార్కరుతో పేరు రాసి గొట్టానికి చుట్టి, వారం తర్వాత చూస్తే ఏమీ ఉండదు. రోగికీ రోగికీ మధ్య స్పిరిట్‌తో తుడుస్తాం కదా, ఆ స్పిరిటే అక్షరాలను చెరిపేస్తుంది. పేరు రాసిన పట్టీ మీద పారదర్శకమైన టేపు రెండు చుట్లు వేస్తే నిలుస్తుంది. పేరుతో పాటు వార్డు పేరు కూడా రాయండి, దొరికినవారికి ఎక్కడ ఇవ్వాలో తెలుస్తుంది. ఊదా రంగో, మెరూనో కొనుక్కుంటే ఇంకా మేలు, పక్కవారు పొరపాటున తీయరు.

పెన్ను కథ పూర్తిగా వేరు. అది పోదు, అడిగి తీసుకుంటారు. రౌండ్స్‌లో డాక్టరు, సంతకం కోసం రోగి బంధువు, రిజిస్టరు రాయడానికి పక్క సిస్టర్, ఎవరు తీసుకున్నా తిరిగి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాదు. బడిలో మనం చేసిన పనే ఇక్కడా చేయాలి: మూత మీ దగ్గర ఉంచుకొని పెన్ను మాత్రం ఇవ్వండి. లేదా ఇవ్వడానికే ఒక చవక పెన్ను విడిగా పెట్టుకోండి. చాలా ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ నోట్సు ఎర్ర సిరాతో రాసే పద్ధతి ఉంది కాబట్టి ఆ ఎర్ర పెన్నును మాత్రం చెయ్యి జారనివ్వకండి, తెల్లవారుజామున మూడు గంటలకు ఇంకొకటి ఎక్కడా దొరకదు. కత్తెరకు రిబ్బను కట్టి జేబు కుట్టుకు ముడి వేయండి. ఆ జేబు లోతు కూడా ఒకసారి చూసుకోండి. యూరిన్ బ్యాగు ఖాళీ చేయడానికి వంగినప్పుడు టార్చి, పెన్ను జారేది అక్కడే, దర్జీకి ఇస్తే రెండంగుళాల గుడ్డ కలిపి లోతు చేసి ఒక ప్రెస్ బటన్ కుడతాడు.

ఐడీ కార్డు పోయిందన్నారు. మన అమ్మాయిల్లో చాలామంది ఆసుపత్రి కార్డు వెనకాలే ఆధార్ కార్డు కూడా అదే కవరులో పెట్టుకుంటారు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఈ అలవాటు ఇంకా ఎక్కువైంది. ఆ కవరు పోతే రెండూ పోతాయి, సాయంత్రం జీరో టికెట్ కోసం చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఆధార్‌ను బ్యాగు లోపలి జిప్పులో ఉంచండి, దాన్ని వార్డులోకి తేవలసిన పనే లేదు.

డ్యూటీ అప్పగించేటప్పుడు బీపీ ఆపరేటస్, ఆక్సీమీటరు, థర్మామీటర్లు, మందుల బీరువా తాళాలు అన్నీ లెక్కపెట్టి అప్పగిస్తాం. ఆ లెక్క ముగియగానే మీ సొంత లెక్క కూడా చూసుకోండి. పెన్ను, కత్తెర, టార్చి, ఫోను, తాళం చెవి: ఒక్కో వేలు మడుస్తూ ఒక్కోదాన్ని చేత్తో తాకండి. కళ్లతో చూస్తే చాలదు, తాకాలి. ఏదైనా తక్కువైతే అప్పటికి ఇంకా వార్డులోనే ఉంటారు, మీ తర్వాతి సిస్టర్ కూడా ఎదురుగానే ఉంటుంది. బస్టాండులో గుర్తుకు వస్తే ఆ రోజుకు చేయగలిగింది ఏమీ ఉండదు.

వెతకడం గురించి ఇప్పుడు చెప్పబోయేది దయచేసి శ్రద్ధగా చదవండి. దుప్పటి మీద పెట్టిన వస్తువు చాలాసార్లు దుప్పటితో పాటే మూట అవుతుంది. మంచం గుడ్డలు మార్చేటప్పుడు నాలుగు మూలలూ కలిపి ముడివేస్తే లోపల ఏముందో కనపడదు. కత్తెరలు, థర్మామీటర్లు, ఫోన్లు అలా ఉతకడానికి వెళ్లిపోతాయి. మూట ఇంకా వార్డులోనే ఉంటే, గ్లవ్స్ వేసుకొని, నేల మీద పరచి, పై నుంచి ఒక్కో గుడ్డ విప్పుతూ చూడాలి గానీ లోపలికి చేయి దూర్చి తడమకూడదు. మడతల్లో సూదులు ఉంటాయి. ఉండకూడదు, కానీ ఉంటాయి. వెళ్లిపోయి ఉంటే లాండ్రీ వారికి వెంటనే ఫోను చేయించండి.

చెత్త సంచుల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నియమాల ప్రకారం రక్తం అంటిన దూదీ గుడ్డలూ పసుపు సంచిలోకి, గొట్టాలు, గ్లవ్స్ వంటి ప్లాస్టిక్ ఎర్ర సంచిలోకి, సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లు పడని తెల్లని డబ్బాలోకి, గాజు సీసాలు నీలం దానిలోకి వెళ్లాలి. నియమం అలా ఉన్నా, తొందరలో ఎవరో ఒకరు సూదిని పసుపు సంచిలో పడేసి ఉండరని మనం నమ్మలేం. నూట యాభై రూపాయల టార్చి కోసం సంచిలో చేయి పెట్టి సూది గుచ్చుకుంటే, ఎవరి రక్తమో తెలియని భయంతో నెలలు గడపవలసి వస్తుంది. విలువైనదేదో కచ్చితంగా అందులోనే పడిందని తెలిస్తే, సంచి వార్డు దాటకముందే ఇన్‌చార్జికి చెప్పి ఆపించి, మందపాటి గ్లవ్స్, పొడుగాటి చిమటాతో బాధ్యులైన సిబ్బంది చేత చూపించాలి. పసుపు సంచిలోనిది చివరికి కాల్చేస్తారు కాబట్టి ఆలస్యమైతే ఆశ వదులుకోవలసిందే. ఒకవేళ ఎప్పుడైనా సూది గుచ్చుకుంటే వేలు పిండవద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బుతో, ధారగా పారే నీటితో కడిగి, అదే గంటలో చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే 2 గంటల్లోపు, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. హెపటైటిస్ బీ టీకా మూడు మోతాదులూ పూర్తయ్యాయో లేదో మీ కార్డు తీసి చూసుకోండి. వస్తువులు పోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ దిగులు.

నాన్నగారికి ఈ ఆదివారమే చెప్పండి. దాచిన కొద్దీ ఆ స్టెతస్కోపు ధర మీ మనసులో పెరుగుతూ పోతుంది. కొత్తది మీ జీతంతో, మామూలు రకం కొనుక్కోండి. బీపీ చూడడానికి ఖరీదైనదే కావాలని ఏమీ లేదు.

ప్రశ్న: నేను పాలమూరు వైపు ఒక ఆసుపత్రిలో నవజాత శిశువుల విభాగంలో పనిచేస్తున్నాను. పెళ్లయి ఏడాది కాలేదు. చేతులు కడుక్కునేటప్పుడు పెళ్లినాటి ఉంగరం తీసి సింకు గట్టు మీద పెట్టాను, తిరిగి వచ్చేసరికి లేదు. మా అత్తమ్మ అడిగితే లాకరులో ఉందని చెప్పి తప్పించుకున్నాను. పుస్తెలతాడు కూడా తీసి పెట్టమంటున్నారు, దానికి మాత్రం మనసు ఒప్పడం లేదు. ఏం చేయాలి?
– జడ్చర్ల

జవాబు: ముందు ఆ సింకు వాడకం ఆపించండి. ఉంగరం నీళ్ల రంధ్రంలో పడి ఉంటే సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో నిలిచే అవకాశం ఉంది. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది, బరువైన వస్తువు అక్కడే అడుగున ఆగుతుంది. కుళాయి తిప్పిన కొద్దీ అది ముందుకు జరిగిపోతుంది. ప్లంబరును పిలిపించి, కింద బకెట్టు పెట్టి ఆ వంపు విప్పిస్తే పది నిమిషాల పని. అక్కడ లేకపోతే ఆ పూట సింకు పక్క డబ్బాలో పడిన తుడుపు కాగితాలను చూడాలి. పైన నల్గొండ సోదరికి చెప్పిన జాగ్రత్తలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

పసికందుల విభాగంలో ఉంగరాలు, గాజులు, వాచీ తీయమనడం పెత్తనం కోసం చెప్పే మాట కాదు. సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు కడిగినా ఉంగరం కింది చర్మానికి నీరు సరిగా చేరదు, క్రిములు అక్కడే నిలుస్తాయి. కిలోన్నర బరువున్న బిడ్డకు అది చాలు. కాబట్టి ఉంగరం ఇంట్లోనే ఉండాలి. డ్యూటీకి వచ్చాక తీసి దాచుకోవడం అన్న ఏర్పాటులోనే చిక్కు ఉంది, తీసిన ప్రతిసారీ పోయే అవకాశం కొత్తగా మొదలవుతుంది. ఎప్పుడైనా మరచి పెట్టుకొని వచ్చినట్లయితే పిన్నీసుకు గుచ్చి యూనిఫాం లోపలి వైపు తగిలించుకోండి. దూదిలో చుట్టి పెట్టడం మాత్రం ఎన్నడూ చేయవద్దు. వార్డులో దూది ఉండ కనిపిస్తే ఎవరైనా తీసి పారేస్తారు.

పుస్తెలతాడు సంగతిలో మీ మనసుకు విరుద్ధంగా వెళ్లమని నేను చెప్పను. బంగారు గొలుసైతే యూనిఫాం లోపలికి వేసుకొని, బిడ్డ మీదికి వంగినప్పుడు బయటికి వేలాడకుండా లోపలి బట్టకు పిన్నీసు పెట్టుకుంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. మీ విభాగం నియమం అంతకన్నా కఠినంగా ఉంటే దాన్నే పాటించాలి. పసుపుతాడైతే తడి పీల్చుకుంటుంది, దానికి బదులు డ్యూటీ రోజుల్లో గొలుసు వేసుకోవడం మేలు. ప్రసవానికి వచ్చిన ఆడమనిషి ఒంటి మీది నగలను మనం ఎలా అప్పగిస్తామో గుర్తు తెచ్చుకోండి: ఒక్కొక్కటీ రాసి, బంగారమని రాయకుండా పసుపు రంగు లోహమని రాసి, బంధువు సంతకం తీసుకుంటాం. పరాయివారి గొలుసుకు అంత జాగ్రత్త తీసుకునే మనం, మన ఉంగరాన్ని సింకు గట్టు మీద పెడతాం.

అత్తమ్మగారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. లాకరులో ఉందన్న మాట ఏ పండుగనాడో తెచ్చి చూపించమనే దాకానే నిలుస్తుంది.

ప్రశ్న: రాత్రి డ్యూటీలో నా ఫోను పోయింది. ఎవరైనా తీశారో, నేనే ఎక్కడైనా పెట్టానో తెలియదు. అందులో ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు ఉన్నాయి. మొదట ఏం చేయాలి?
– దేవరకొండ

జవాబు: వెతకడం తర్వాత, ముందు డబ్బుకు అడ్డుకట్ట వేయాలి. వేరొకరి ఫోను నుంచి సిమ్ కంపెనీకి చెప్పి సిమ్ నిలిపివేయించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ ఆపించండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. తర్వాత పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి దాని నకలు తీసుకొని, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోండి, ఎందుకంటే తర్వాతి పనికి ఆ నంబరుకే ఓటీపీ వస్తుంది. 2023 మే నుంచి దేశమంతటా అందుబాటులో ఉన్న కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులో సీఈఐఆర్ అన్న విభాగం ఉంది. అందులో ఫోను ఐఎంఈఐ నంబరు, ఫిర్యాదు నకలు ఇస్తే ఆ ఫోను దేశంలో ఏ సిమ్‌తోనూ పనిచేయకుండా నిలిపివేస్తారు. దొరికితే మళ్లీ అక్కడే తెరిపించుకోవచ్చు. పదిహేను అంకెల ఆ నంబరు ఫోను పెట్టె మీద, బిల్లు మీద ఉంటుంది. ఇది చదివే మిగతా వారు స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కి ఇప్పుడే చూసి ఇంట్లో ఒక కాగితం మీద రాసిపెట్టుకోవచ్చు.

ఇంకొక మాట. మీ ఫోనులో రోగుల కేసు షీట్ల ఫోటోలు, గాయాల ఫోటోలు ఉన్నాయేమో గుర్తు తెచ్చుకోండి. డాక్టరుకు పంపడానికి తీసి అలాగే వదిలేయడం అందరికీ అలవాటైపోయింది. ఉంటే ఆ విషయం ఇన్‌చార్జికి చెప్పాలి, అవి మీ వస్తువులు కావు.

ప్రశ్న: మా అమ్మాయి నర్సు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆసుపత్రిలో ఏదో ఒకటి మరచి వస్తుంది. ఇరవై మూడేళ్లకే మతిమరుపు ఏమిటని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. ఇదేమైనా జబ్బా? ఏదైనా టానిక్ తాగించమంటారా?
– ఒక తల్లి, వనపర్తి

జవాబు: అమ్మా, ఆ వయసులో మతిమరుపు జబ్బు రావడం చాలా అరుదు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆమె ఆసుపత్రిలోనే మరచిపోతున్నదా, ఇంట్లో కూడానా? ఆసుపత్రిలో మాత్రమే అయితే అది పని ఒత్తిడి, కొత్తదనం. కొన్ని నెలలకు చాలావరకు సర్దుకుంటుంది. ఇంట్లో కూడా అలాగే ఉండి, పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం, చెప్పిన మాటే మళ్లీ అడగడం, ఎప్పుడూ అలసటగా ఉండడం, జుట్టు ఊడడం, నెలసరి తప్పడమో అధికంగా రావడమో ఉంటే డాక్టరుకు చూపించి రక్తపరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బీ12 చూస్తారు. గర్భంతో లేని ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనతే. ఈ మూడింటిలో ఏది తక్కువైనా మనసు మందగిస్తుంది, మూడింటికీ మంచి మందులు ఉన్నాయి. దిగులుగా ఉండడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఉద్యోగం పేరెత్తితే ఏడవడం వంటివి కనిపిస్తే అది కూడా డాక్టరుకు చెప్పవలసిన విషయమే, దాచవలసింది కాదు.

పరీక్షల కన్నా ముందు ఆమె నిద్ర చూడండి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన పిల్ల తొమ్మిదింటికి పడుకుంటే పదకొండింటికి చుట్టాలు వచ్చారని లేపుతాం, మధ్యాహ్నం అన్నానికి లేపుతాం, సాయంత్రం వాకిలి ఊడ్వమంటాం. రాత్రి మళ్లీ డ్యూటీ. పగటి నిద్ర అసలే పలుచన, దాన్ని ముక్కలు చేస్తే మిగిలేది ఏమీ ఉండదు. నిద్రలేని మనిషి చేతిలోంచి గొడుగు జారితే ఫరవాలేదు, మందు తప్పితే ప్రమాదం. నైట్ డ్యూటీ రోజుల్లో కిటికీకి మందపాటి గుడ్డ కట్టి, ఫోను మీ దగ్గర పెట్టుకొని, ఆరేడు గంటలు ఎవరూ లేపకుండా చూడండి. వాళ్ల నాన్నగారికి కూడా ఆ పని అప్పజెప్పవచ్చు.

టానిక్ అవసరం లేదు. ఐరన్ మాత్రలు కూడా పరీక్ష చేయించి, డాక్టరు రాస్తేనే వాడండి. వాడేటప్పుడు టీతో కలిపి వేసుకోవద్దని చెప్పండి, ఐరన్ ఒంటికి పట్టదు.